వజ్రమునకు వెల గట్టిన టావెర్నియర్

భూమిలో నున్నంతవరకు రత్నమునకు వెల లేదు. అది నాగలికి అడ్డువచ్చిన రాయి మాత్రమే. దానిని రత్నమని గుర్తించిన నాడే దానికి పేరు, వెల ఏర్పడును. ఆ గుర్తింపు ఒక విద్య. ఆ విద్య ఎరుగనివాని చేతిలో లక్షలు విలువచేయు రాయియు చేలో కాకిని తోలుటకు విసరు గులకరాయి యగును. ఈ విద్యయందు ఆరితేరి, మన తెలుగు దేశపు గనులను కన్నులార చూచి, చూచినదానిని తూనికలతోను లెక్కలతోను పుస్తకమున నెక్కించి లోకమున కందించినవాడు ఫ్రెంచి వర్తకుడు జీన్ బాప్టిస్ట్ టావెర్నియర్. గ్రంథాలయ రజతోత్సవ సంచికలో ఒక రత్నవర్తకుని చరిత్ర ఏల యని పాఠకులు శంకింపవచ్చును. ఆయన అమ్మిన రత్నములలో అనేకము నేడు జాడ లేవు. ఆయన వ్రాసిన పుస్తకము మాత్రము నిలిచినది. ఆ పుస్తకము వలననే పోయిన ఒక రత్నపు జాడ మూడు శతాబ్దుల తరువాత తెలియవచ్చినది. ఈ చరిత్రకు ఇచ్చట చోటు గలుగుటకు అదియే కారణము.

తెలుగు దేశమునకు వజ్రములు కొత్తవి కావు. 13వ శతాబ్ది చివర మోటుపల్లి రాజ్యమును గూర్చి వ్రాసిన వెనీసు యాత్రికుడు మార్కోపోలో, ఆ రాజ్యము నొక రాణి న్యాయముగా పాలించెననియు, అచ్చట వజ్రములు దొరకుననియు తెలిపెను. ఆ రాణి మన ఓరుగంటి రుద్రమదేవియే యని చరిత్రకారులు చెప్పుదురు. కాకతీయ రాజ్యము 1323లో అంతరించిన పిమ్మట మూడు వందల యేండ్లు గడచి, గోలకొండలో అబ్దుల్లా కుతుబ్ షా ఏలుచున్న కాలమునకు కృష్ణాతీరపు వజ్రముల కీర్తి ఖండఖండాంతరములకు ప్రాకెను. 18వ శతాబ్దిలో బ్రెజిల్ గనులు బయల్పడువరకు లోకమునకు వజ్రములు ముఖ్యముగా మన దేశమునుండియే పోవుచుండెను. నెక్కొండ స్టేషనులో బండి యెక్కి విజయవాడ చేరువారు అచ్చట చూచెడి కృష్ణానదికే ఎగువన, పల్నాటి సీమలో, ఆ గనులలో ముఖ్యమైన కొల్లూరు ఉండెను.

టావెర్నియర్ 1605లో పారిస్ నగరమున జన్మించెను. ఆయన తండ్రి ఆంట్వెర్ప్ నగరమునుండి వచ్చి పారిస్‌లో స్థిరపడిన ప్రొటెస్టెంటు మతస్థుడు. వారి యింటి వ్యాపారము దేశపటములు అమ్ముట. పటములు కొనుటకు వచ్చిన పండితులు దేశదేశముల సంగతులు మాటలాడుకొనుచుండగా బాలుడు చెవి యొగ్గి వినుచుండెను. పటములు చూచిచూచి ఆ దేశములనే చూడవలెనను కోరిక కలిగెను. ఇరువదిరెండేండ్లు నిండునప్పటికే ఇంగ్లండు, హాలండు, జర్మనీ, పోలండు, ఇటలీ మొదలగు దేశములు తిరిగి, పెక్కు యూరపు భాషలలో మాటలాడ నేర్చెను. తరువాత తూర్పు దేశములవైపు దృష్టి మరలెను. 1630, 1668 సంవత్సరముల నడుమ ఆయన ఆరు యాత్రలు చేసెను. మొదటి యాత్ర పారసీక దేశముతో ముగిసెను. 1638లో బయలుదేరిన రెండవ యాత్రలో భారతదేశము చేరెను.

ఆయన వర్తకము సులభమైనది కాదు. యూరపునుండి ముత్యములు, మీనాపని చేసిన బంగారు వస్తువులు తెచ్చి ఇచ్చటి రాజులకు, నవాబులకు అమ్మవలెను. ఆ సొమ్ముతో వజ్రములు కొని, నెలల తరబడి ఒంటెలమీదను ఓడలలోను ప్రయాణము చేసి తన దేశమున విక్రయింపవలెను. కొనునప్పుడు ఒక చిన్న దోషము కంటపడకపోయినచో నష్టము అక్కడ గాక స్వదేశమునకు చేరిన పిమ్మట తెలియును. అందుచేత టావెర్నియర్ వజ్రములు కొనుటకు ముందు వజ్రములు పుట్టు చోటు చూడ నిశ్చయించెను.

ఆయన చూచిన గనులలో రావులకొండ యొకటి. అది కర్నూలు ప్రాంతపు రామళ్లకోటయే యని కొందరి మతము. అచ్చట ఆయన మొదట నేర్చినది చూచుట. వజ్రపు స్వచ్ఛతను, కాంతిని కలిపి వర్తకులు నీరు అందురు. యూరపు వర్తకులు రాతి నీటిని పట్టపగలు పరీక్షించెడివారు. మన వర్తకులు రాత్రివేళ పరీక్షించుచుండిరి. గోడలో అడుగు చదరపు గూడు చేసి, అందులో లావు వత్తిగల దీపము వెలిగించి, రాతిని రెండు వ్రేళ్ల నడుమ పట్టి ఆ వెలుగులో నీటిని, లోపలి మచ్చలను చూచెడివారు. రాతిలో నీలపు ఛాయ యున్నదేమో తెలియవలెనన్నచో దట్టమైన ఆకులుగల చెట్టు నీడకు తీసికొనిపోయి, ఆ పచ్చని నీడలో చూచెడివారు. పగటి వెలుగు నాలుగు దిక్కులనుండి వచ్చి కంటిని మోసపుచ్చును. ఒక్క దీపము వెలుగు ఒక్క త్రోవనే వచ్చుటచే దోషము దాగజాలదు. బిందువు, రేఖ, కాకపదము అని మన రత్నశాస్త్రములు పేర్కొన్న దోషములను పట్టుటకు అనుభవము కనిపెట్టిన ఉపాయములివి.

ఆయన నేర్చిన మరియొక మెలకువ సానపట్టిన రాళ్లకు సంబంధించినది. గని యొద్దనే సానలు పెట్టుకొని రాళ్లు చెక్కువారు గలరు. రాయి నిర్దోషమైనచో వారు పైపైన మాత్రమే సానపట్టి, బరువు తగ్గనీయకుండ విడిచెడివారు. లోపల చీలికయో నల్లని చుక్కయో ఉన్నచో దానిని కప్పిపుచ్చుటకు రాతినిండ చిన్న చిన్న పలకలు కోసెడివారు. కాబట్టి మన దేశమున పలకలు మిక్కుటముగా నున్న రాయి కంటబడినప్పుడు, దాని తళుకు చూచి మురియక, లోపల దాచినదేమని వెదకవలెనని ఆయన గ్రహించెను.

గని వద్ద ఉదయమున నొక వింత జరుగుచుండెను. పది మొదలు పదునారేండ్ల వరకు వయసుగల వర్తకుల బిడ్డలు ఒక పెద్ద చెట్టు క్రింద కూర్చుండెడివారు. ఒక్కొక్కని నడుమునకు ఒకవైపు తూనికరాళ్ల సంచి, మరియొకవైపు వరహాల సంచి. ఎవడైన రాతిని అమ్మ వచ్చినచో పెద్దబాలుని చేతి కిచ్చును. వాడు చూచి ప్రక్కవాని కిచ్చును. మాట యనునది లేకుండ ఆ రాయి చేతులన్నియు తిరిగి మరల మొదటివానిని చేరును. అప్పుడు వాడు బేరమాడును. ఎక్కువ ధరకు కొన్నచో ఆ నష్టము వానిదే. సాయంకాలము కొన్నవానినన్నిటిని నీటిని బట్టి, బరువును బట్టి వేరుచేసి పెద్దవర్తకులకు అమ్మి లాభము పంచుకొనెడివారు. ఇది బడి కాదు, కాని ఇంతకంటె మంచి బడి యుండదు. పరీక్షించిన ప్రతి కన్ను తప్పునకు వెల చెల్లింపవలసి యుండుటచే ఆ బిడ్డలు చిన్ననాడే నేర్పరులైరి.

పెద్దల బేరమును నిశ్శబ్దముగనే సాగుచుండెను. కొనువాడు, అమ్మువాడు ఎదురెదురుగా కూర్చుండి, నడికట్టు చెంగు క్రింద చేతులు దాచి, వ్రేళ్లతో వెల తెలుపుకొనెడివారు. చేయి మొత్తము పట్టిన వేయి. ఒక వ్రేలు పట్టిన నూరు. నడిమి కణుపువరకు పట్టిన ఏబది. వ్రేలికొన పట్టిన పది. చుట్టును ఎందరు కూర్చున్నను ఎంతకు అమ్మినదియు వారికి తెలియదు. రాజునకు మాత్రము కొనుగోళ్లపై నూటికి రెండు చొప్పున చెల్లవలెను.

రావులకొండ తరువాత టావెర్నియర్ గోలకొండకు తూర్పుగా ఏడు దినముల ప్రయాణమున నున్న కొల్లూరు చూచెను. ఆ గని బయల్పడిన విధమును ఆయన స్థానికుల వలన విని వ్రాసెను. దాదాపు నూరేండ్ల క్రిందట ఒక పేదవాడు చిరుధాన్యము విత్తుటకు నేల త్రవ్వుచుండగా మొనదేరిన రాయి యొకటి దొరకెను. అది ఏమియో వానికి తెలియదు. కాని మామూలు రాయి కాదని తోచి, గోలకొండకు కొనిపోయి వజ్రపు వర్తకునికి చూపెను. అది ఇంచుమించు 25 క్యారెట్ల వజ్రము. అంతకుముందు పది, పండ్రెండు క్యారెట్లకు మించిన రాతిని చూడని ఆ వర్తకుడు ఆశ్చర్యపడెను. వార్త ప్రాకగా ధనికులు ఆ నేల త్రవ్వింప మొదలిడిరి. ఇచ్చట గమనింపదగినది ఒకటి గలదు. ఆ పేదవానికి రత్నశాస్త్రము రాదు. కాని తెలియని వస్తువును పారవేయక, తెలిసినవాని యొద్దకు తీసికొనిపోవు వివేకము ఉండెను. కొల్లూరు భాగ్యమున కది మొదటి మెట్టు. ఆ భాగ్యములో ఆతని పా లెంతయో చరిత్ర కెక్కలేదు, ఆతని పేరును ఎక్కలేదు.

టావెర్నియర్ చూచునాటికి కొల్లూరులో పురుషులు, స్త్రీలు, బాలబాలికలు కలిసి సుమారు 60,000 మంది పనిచేయుచుండిరని ఆయన వ్రాసెను. పురుషులు నీరు పడువరకు పది మొదలు పదునాలుగు అడుగుల లోతు త్రవ్వెడివారు. స్త్రీలు, పిల్లలు ఆ మట్టిని మోసికొనిపోయి చుట్టును గోడ కట్టిన మళ్లలో పోసెడివారు. దానిని నీటితో నానబెట్టి, బురద నీటిని తీసివేసి, ఎండిన పిమ్మట ధాన్యము తూర్పారబట్టినట్లు చెరిగి, రోకళ్లతో దంచి, మిగిలిన కంకరలో చేతులతో వెదకెడివారు. ఇంత శ్రమకు ఏమి దక్కెడిది? పనివానికి సంవత్సరమునకు మూడు వరహాలు మించి రాదని టావెర్నియర్ రావులకొండలో తెలిసికొనెను. కడుపు నిండక కొందరు రాళ్లు దాచెడివారు. ఒకడు కంటికొనలో వజ్రమును దాచి పట్టుబడెనని ఆయన చెప్పినాడు. పెద్దరాయి దొరికి యజమానికి అప్పగించినవానికి తలపాగ గుడ్డ, కొంచెము పైకము, బియ్యము, పంచదార బహుమానముగా లభించెడివి. రాజుల కిరీటములలో మెరసిన వజ్రముల మొదటి వెల ఇదియే.

కొల్లూరు రాళ్ల గుణములను కూడ ఆయన వ్రాసిపెట్టెను. అచ్చటి రాళ్లు పెద్దవి, కాని నీరు అంత స్వచ్ఛము కాదు. నేల చిత్తడియైనచో రాయి నల్లవారును, ఎర్రనేలయైనచో ఎర్రఛాయ కలుగునని అచ్చటివారు నమ్మిరి. చూచుచుండగనే రాతిమీద జిడ్డు పేరుకొన్నట్లుండి మాటిమాటికి గుడ్డతో తుడువవలసి వచ్చెడిదట. నేటి శాస్త్రము ప్రకారము వజ్రము శుద్ధమైన కర్బనము. దాని రంగు నేల వలన కాక, లోపల చేరిన ఇతర మూలకముల వలనను, స్ఫటిక నిర్మాణపు లోపముల వలనను కలుగును. నీలపు రంగునకు బోరాన్ కారణము. ఇక జిడ్డు సంగతి: వజ్రమునకు నీరు అంటదు, జిడ్డు అంటును. ఈ గుణమును ఆధారముగా చేసికొనియే దక్షిణాఫ్రికాలో 19వ శతాబ్ది చివర జిడ్డు పూసిన బల్లలమీద కంకరను పారించి వజ్రములను వేరుచేయ నారంభించిరి.

1652లో టావెర్నియర్ మచిలీపట్నమున దిగి, అటనుండి గండికోటకు పోయెను. గోలకొండ సేనాని మీర్ జుమ్లా అప్పుడు అచ్చట విడిసియుండెను. రాజునకు అమ్మదలచిన ముత్యములను ముందు మీర్ జుమ్లాకు చూపవలసి యుండెను. మీర్ జుమ్లా ఆయనకు ఐదు చిన్న సంచులలో వజ్రములు చూపి, ఇవి మీ దేశమున అమ్ముడుపోవునా యని విచారించెను. అవి చిన్నవి, నలుపు తిరిగిన నీరు గలవి. మా దేశమున తెల్లని నిర్మలమైన రాళ్లకే విలువ యని టావెర్నియర్ ఉన్నది ఉన్నట్లు చెప్పెను. ఆ సీమలో గనులున్నవని విని మీర్ జుమ్లా 12,000 మందిని పనిలో పెట్టగా సంవత్సరమునకు దక్కినవి ఆ ఐదు సంచులేనట. నల్లరాళ్లకై శ్రమ వ్యర్థమని తలచి ఆతడు త్రవ్వకము మాన్పించి వారినందరను వ్యవసాయమునకు పంపివేసెను. ఈ వజ్రములకంటె ఆ నేలలో పండెడి జొన్నలే మేలని సేనాని లెక్క తేల్చుకొనెను. విలువ కట్టు విద్య కొనుటకే కాదు, మానుటకును ఉపయోగించును.

1665 నవంబరులో టావెర్నియర్ ఔరంగజేబు కొలువున మొగలాయి రత్నములను చూచు భాగ్యము పొందెను. వానిలో ముఖ్యమైనది కొల్లూరులో పుట్టి, మీర్ జుమ్లా ద్వారా షాజహానునకు చేరినదని చెప్పబడు మహావజ్రము. కోడిగ్రుడ్డును నడిమికి కోసినట్లుండిన ఆ రాతిని ఆయన చేతబట్టి తూచెను. 319½ రతులు. మన గురివెందగింజ తూనికయే రతి. ఆయన లెక్కలో రతి క్యారెట్టులో ఎనిమిదింట ఏడు పాళ్లు. కావున అది 279 క్యారెట్లకు పైన ఇంకను 9/16. చెక్కకమునుపు అది 900 రతులు, అనగా 787½ క్యారెట్లు ఉండెనని ఆయన విన్నాడు. హోర్తెన్సియో బోర్జియో అను వెనీసువాడు దోషమున్న తావున చీల్చి మంచి ముక్కలు తీయక, సానమీద అరగదీసి అరగదీసి మూడింట రెండు వంతుల కంకె మాయము చేసెనట. చక్రవర్తి కూలి యీయకపోగా 10,000 రూపాయలు దండుగ విధించెను. రాతిని తెలిసికొనక దానిపై చేయి వేసినవాని చేతిలో రత్నము పొడియైనది.

ఆ రాతికి వెల కట్టుటకు టావెర్నియర్ వాడిన సూత్రము ఆయన పుస్తకమున స్పష్టముగా నున్నది. నిర్దోషమైన ఒక క్యారెట్టు వజ్రమునకు 150 లీవ్రులు అనుకొనుము. లీవ్రు నాటి ఫ్రెంచి నాణెపు లెక్క. రాతి బరువును అదే బరువుతో హెచ్చించి, వచ్చినదానిని 150తో హెచ్చింపవలెను. రెండు క్యారెట్లకు 600 లీవ్రులు, 15 క్యారెట్లకు 33,750. రాతిలో దోషమున్నచో మూలధర తగ్గింపవలెను. అదే 15 క్యారెట్ల రాయి మూలధర 80 అయినచో 18,000 మాత్రమే. బరువు రెండింతలైన వెల నాలుగింత లేల? చిన్నరాళ్లు పది కలిపినను ఒక పెద్దరాయి కాదు. పెద్దరాయి దొరకుట అరుదు. ఆ అరుదుకే వెల. రాయి పెరిగిన కొలది వెల అంతకంటె వేగముగా పెరుగునను సంగతి మన ప్రాచీనులకును తెలియును. వరాహమిహిరుని బృహత్సంహితలోని వజ్రపరీక్షయు తూనికను బట్టి వెలను తెలుపుచున్నది.

మొగలాయి వజ్రపు అడుగు అంచున చిన్న దోషము ఉండెను. అది లేనిచో మూలధర 160 ఉండవలెనని, ఉన్నందున 150గా పెట్టితినని ఆయన వ్రాసెను. లెక్క తేలగా 1,17,23,278 లీవ్రులు. ప్రపంచమున నంతటి చక్రవర్తి ప్రాణసమముగా దాచుకొన్న రాతి దోషమును సైతము లెక్కలో తగ్గించుట పరీక్షకుని నిజాయితీ. టస్కనీ ప్రభువు వజ్రమునకు నిమ్మపండు ఛాయ యున్నందున మూలధర 135 చేసెను. ఎవని రాయి యనునది ఆయన చూడలేదు. రాయి యేమి యనునదే చూచెను.

1668లో స్వదేశము చేరిన టావెర్నియర్ తాను కొనిపోయిన వజ్రములను పదునాలుగవ లూయి రాజునకు చూపెను. రాజు వెయ్యికి పైగా వజ్రములు కొనెను. వానిలో 112 క్యారెట్లకు మించిన నీలవజ్ర మొకటి. అది కొల్లూరుదే యని పండితుల అభిప్రాయము. దానికి రాజు ఇచ్చినది 2,20,000 లీవ్రులు. పైన చెప్పిన సూత్రమున మూలధర 150 చొప్పున లెక్కించిన 18 లక్షలకు పైబడును. సూత్రము దారి చూపును గాని, రంగుగల రాతికి కొనువాని అభిరుచియే చివరి తక్కెడ. 1669లో రాజు ఆయనకు కులీన పదవి యిచ్చెను. మరుసటి యేట ఆయన జెనీవా సమీపమున ఓబోన్ జమీను కొనెను. 1676లో తన యాత్రాగ్రంథమును అచ్చువేయించెను. వర్తకులు రహస్యముగా దాచుకొను ధరల సూత్రములు, తూనికలు, దారులు, దినముల లెక్కలు అన్నియు అందులో బయటపెట్టెను. అందు సంవత్సరముల విషయమున తారుమారులు గలవు, విన్నవి చూచినవానితో కలిసిన తావులును గలవు. అందుచేత చరిత్రకారులు దానిని పరీక్షించియే వాడుదురు. రత్నపరీక్షకుని పుస్తకమునకును పరీక్ష తప్పలేదు.

ఆయన ముసలితనము సుఖముగా గడువలేదు. 1685లో పదునాలుగవ లూయి ప్రొటెస్టెంటుల మతస్వేచ్ఛ రద్దుచేసెను. కిరీటమున కెక్కు రత్నములు తెచ్చియిచ్చినవానికి ఆ దేశమున ఆదరువు లేకపోయెను. జమీను అమ్ముకొని, ఎనుబది దాటిన వయసున మరల తూర్పు దారి పట్టిన ఆయన 1689లో మాస్కోలో మరణించెను. రాళ్లకు వెల కట్టినవానికి రాజానుగ్రహపు వెల మాత్రము తెలియరాలేదు.

నీలవజ్రపు కథ అచ్చటితో ముగియలేదు. 1673లో రాజు దానిని తిరుగ చెక్కించెను. 1792లో ఫ్రెంచి విప్లవపు గందరగోళమున అది దొంగిలింపబడెను. 19వ శతాబ్దిలో లండనున హోప్ అను ధనికుని యొద్ద 45 క్యారెట్ల నీలవజ్ర మొకటి కనబడెను. 1958 నుండి అది అమెరికాలోని స్మిత్సోనియన్ ప్రదర్శనశాలలో నున్నది. ఇది దొంగిలింపబడిన రాతి ముక్కయే యని పలువురు అనుమానించిరి, కాని రుజువు చాలదు. 2007లో పారిస్ ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో రాజు నీలవజ్రపు సీసపు అచ్చు ఒకటి బయల్పడెను. దానితోడి చీటీమీద హోప్ పేరుండెను. టావెర్నియర్ పుస్తకములోని బొమ్మను, తూనికను, ఈ సీసపు అచ్చును, నేటి వజ్రమును పోల్చిచూడగా ఒకదానిలో ఒకటి ఇమిడెను. రాయి రూపు మార్చుకొన్నను, వ్రాసియుంచిన లెక్క మారలేదు గనుక దొంగ దాచిన నిజము బయటపడెను.

కొల్లూరు నేడు పులిచింతల జలాశయపు నీటిలో మునిగినది. అయినను వజ్రములపై ఆశ చావలేదు. తొలకరి వానలు పడగనే కర్నూలు, అనంతపురము ప్రాంతములలో తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు చేలలో నేటికిని జనులు రాళ్లు వెదకుచున్నారు. దొరికినవాడు దాని విలువ ఎరుగక మొదట వచ్చినవానికే అమ్ముకొనుట నేటికిని గలదు. సుత్తితో కొట్టి పగులనిచో వజ్రమను మాట నమ్మి, మంచిరాతిని ముక్కలు చేసికొను ప్రమాదమును గలదు. వజ్రము గీతకు లొంగదు గాని దెబ్బకు లొంగును. రావులకొండలో ఇనుప గడ్డపారల దెబ్బలకే రాళ్లు బీటలువారుచున్నవని టావెర్నియర్ అప్పుడే వ్రాసెను. పలుగురాయియు మెరయును, వజ్రమును మెరయును. మెరపు చూచి నిర్ణయింపక, బరువు, కాఠిన్యము, కాంతి పరీక్షించి, తెలిసినవారి నడిగి నిర్ణయింపవలెను.

మూడు వరహాల కూలికి మట్టి మోసిన తల్లికి, ఆ మట్టిలోని రాతి వెల కట్టు లెక్క తెలియు మార్గము నాడు లేదు. ఆ లెక్క చెట్టు క్రింది వర్తకుల బిడ్డలకే పరిమితము. అదే లెక్క పుస్తకమున కెక్కిన పిమ్మట చదువ నేర్చిన ఏ పేదవానికైనను అందును. అట్టి పుస్తకములను వరుసగా పేర్చి, పట్టికలో నెక్కించి, అడిగినవాని చేతి కిచ్చుటయే గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా చేయుచున్న పని. ఆ పట్టికలోని ఒక చిన్న పంక్తి ఎవని కెప్పుడు అక్కరకు వచ్చునో నేడు చెప్పజాలము. సీసపు అచ్చుతోడి చీటీ వ్రాసిన చేతికిని అది తెలియదు.